సుద్దకొండలు, నదిలోయలు: సైకిల్ యాత్రికుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దక్షిణ ఇంగ్లండ్ గురించే. సౌత్ డౌన్స్, బెర్క్‌షైర్, విల్ట్‌షైర్ సుద్దకొండలు, వాటి మధ్య పారే చిన్న నదులు. ఎత్తు మూడొందల మీటర్లు కూడా లేని గుట్టలే కదా అని తేలిగ్గా తీసుకుని బయలుదేరేవారు చాలామంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నేనూ మా ఆవిడా మొదటిసారి సైకిల్ యాత్రకు బయలుదేరుతున్నాం. రోజుకు 35–40 కిలోమీటర్లు తొక్కగలం, నాలుగు రోజులు సెలవుంది. నదీ ఉండాలి, కొండలూ ఉండాలి, ఊపిరి ఆగిపోయే ఎక్కుళ్ళు మాత్రం వద్దు. — ఎస్.ఆర్., రీడింగ్

రైల్లో బాత్ వెళ్ళి, అక్కడి నుంచి తొక్కుకుంటూ మీ ఊరికే రండి. మొత్తం 140 కి.మీ. చిల్లర. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచో పడమర నుంచో వీస్తుంది కాబట్టి తూర్పుకి వచ్చేవాళ్ళను వెనక నుంచి తోస్తుంది. ఆఖరి రోజు తిరుగు రైలు పట్టుకోవాలన్న తొందరా ఉండదు.

మొదటి రోజు కెన్నెట్–ఏవన్ కాలువ గట్టు వెంట డివైజెస్ దాకా, దాదాపు 35 కి.మీ. దారి గట్టిగానే ఉంటుంది. కాలువ నదిని దాటే డండాస్, ఏవన్‌క్లిఫ్ అక్విడక్టులు ఈ భాగంలోనే వస్తాయి. ఇక్కడ నేల ఇంకా సుద్ద కాదు, బాత్ సున్నపురాయి. గట్టు మీద నడిచేవారికే ముందు దారి. వంతెనల కింద దారి సన్నబడి, ఎదుటివారు కనిపించరు. గంట కొట్టి, నడక వేగానికి తగ్గి వెళ్ళండి. డివైజెస్ ముంగిట కేన్ హిల్ వస్తుంది. 29 లాకులు, 3 కిలోమీటర్లలో 72 మీటర్ల ఎత్తు. వాటిలో 16 లాకులు వరసగా ఒకే వాలు మీద ఉంటాయి. ఆ వాలు దగ్గర తప్ప ఆ రోజు చిన్న గేరు అవసరం రాదు.

రెండో రోజు గట్టును వదిలేయండి. డివైజెస్‌కి తూర్పున అది చాలాచోట్ల సన్నటి గడ్డిబాట అయిపోతుంది. హార్టన్, ఆలింగ్టన్ మీదుగా పల్లెరోడ్ల వెంట ఆల్టన్ బార్న్స్ చేరండి. ఎడమవైపు వాలు మీద 1812లో గడ్డి చెక్కి తీర్చిన తెల్లగుర్రం కనిపిస్తుంది. ఆ ఊరి నుంచి ఉత్తరానికి, వాకర్స్ హిల్‌కీ నాప్ హిల్‌కీ మధ్య ఎక్కే రోడ్డే ఈ నాలుగు రోజుల్లో అసలైన ఎక్కుడు. ఎత్తు వంద మీటర్లకు కాస్త అటూఇటూ. దిగి నడిపించుకు వెళ్ళినా నష్టం లేదు, పైనుంచి పూసీ లోయంతా కనిపిస్తుంది. అవతల లాక్‌రిడ్జ్‌కి దిగితే కెన్నెట్ లోయ. ఓపికుంటే అక్కడి నుంచి ఈస్ట్ కెన్నెట్ మీదుగా ఏవ్‌బరీ రాతివలయం చూసి, అదే దారిలో లాక్‌రిడ్జ్ వచ్చి, క్లాట్‌ఫర్డ్, మ్యాంటన్ మీదుగా మార్ల్‌బరో చేరండి. ఏవ్‌బరీతో కలిపి 40 కి.మీ., లేకుండా 27. ఏవ్‌బరీ వెళ్ళేటప్పుడు ఏ4 రోడ్డు దాటాలి, అక్కడ వాహనాలు చాలా వేగంగా వస్తాయి.

మూడో రోజు కూడా అదే ఏ4 ఊరిస్తుంది. మార్ల్‌బరో నుంచి హంగర్‌ఫర్డ్‌కి నేరుగా పోయే రోడ్డు అదే మరి. లొంగకండి. నదికి ఉత్తరపు ఒడ్డున మిల్డెన్‌హాల్, ఆక్స్‌ఫర్డ్ కాని యాక్స్‌ఫర్డ్ (Axford, విల్ట్‌షైర్‌లోని ఈ పల్లె పేరు పలకడం దాదాపు అలాగే ఉంటుంది, ఫోన్‌లో వెతికేటప్పుడు జిల్లా చూసుకోండి), రామ్స్‌బరీ, చిల్టన్ ఫోలియట్ మీదుగా వెళ్ళే చిన్నరోడ్డు ఉంది. కుడిచేతి వైపు నది, ఎడమచేతి వైపు కొండవాలు. మొత్తం యాత్రలో మాకు నచ్చిన భాగం ఇదే. హంగర్‌ఫర్డ్ నుంచి కింట్‌బరీ మీదుగా న్యూబరీ చేరితే ఆ రోజుకి 35 కి.మీ.

నాలుగో రోజు న్యూబరీ నుంచి రీడింగ్‌కి జాతీయ సైకిల్ మార్గం 4 గుర్తులు చూసుకుంటూ రావడమే, 30 కి.మీ. పైన. వాన పడితే గట్టు బురదవుతుంది. హంగర్‌ఫర్డ్ దగ్గర్నుంచీ రైలుమార్గం మీ పక్కనే నడుస్తుంది. ఎవరికైనా ఓపిక అయిపోతే కింట్‌బరీ, థాచమ్, ఆల్డర్‌మాస్టన్, థీల్ ఏ స్టేషన్లోనైనా ఎక్కేయవచ్చు. మొదటి యాత్రకు ఈ వెసులుబాటు కొండ అందాలకంటే విలువైనది.

ప్రశ్న: సౌత్ డౌన్స్ వే మూడు రోజుల్లో పూర్తి చేయాలని ఉంది. ప్యానియర్ సంచులతో (వెనక స్టాండుకి రెండు పక్కలా వేలాడదీసేవి) వెళ్ళవచ్చా? — కె.వి.ఆర్., క్రాయిడన్

వెళ్ళవచ్చు గానీ వద్దంటాం. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కి.మీ. అని చూసి రోజుకు 55 చొప్పున లెక్క వేసుకుంటారు. ఎక్కాల్సిన ఎత్తు మొత్తం కూడితే దాదాపు 4,000 మీటర్లు. దారి కొండవెన్ను మీదే ఉన్నా అర్రన్, అడర్, ఊజ్, కక్‌మియర్ నదులు ఆ వెన్నును అడ్డంగా కోసుకుని సముద్రానికి పోతాయి. ప్రతి నది దగ్గరా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు దాకా దిగాలి, వెంటనే నూటయాభై రెండొందల మీటర్లు తిరిగి ఎక్కాలి. ఎక్కిన ఎత్తును దాచుకునే వీలు లేదు. ఆంబర్లీలో అర్రన్ దాటాక వచ్చే ఎక్కుడు దగ్గరే చాలామంది సైకిల్ దిగుతారు.

పక్క సంచుల సమస్య బరువు ఒక్కటే కాదు. చెకుముకి రాళ్ళ గతుకుల్లో సంచి కొక్కేలు స్టాండు మీద ఎగిరెగిరి పడి, ప్లాస్టిక్ కొక్కెం విరుగుతుంది, లేదా స్టాండు బోల్టు వదులవుతుంది. బండి చక్రాల గాళ్ళలో పడ్డప్పుడు సంచి అంచుకు తగులుతుంది. సీటు కింద, ఫ్రేములో, హ్యాండిల్ ముందు కట్టే సంచుల్లో మొత్తం 7–8 కిలోలు మించకుండా సర్దుకోండి. గుడారం మానేసి హాస్టళ్ళలో దిగితే ఇది సాధ్యమే. ట్రూలీ హిల్ హాస్టల్ దారి మీదే ఉంది. సౌత్ఈజ్ స్టేషన్ పక్కన ఇంకొకటి ఉంది. పక్క సంచులే ఉన్నాయంటే స్టాండు బోల్టులకు నీలం లాక్ జిగురు వేసి, పైకొక్కేల మీదుగా ఒక రబ్బరు పట్టీ బిగించండి.

వించెస్టర్ వైపు నుంచే మొదలుపెట్టండి, గాలి కలిసొస్తుంది. నడిచేవారికీ సైకిళ్ళకూ దారి వేరైన చోట నీలం బాణం మీది. ఆల్‌ఫ్రిస్టన్ దగ్గర ఇది ముఖ్యం. సెవెన్ సిస్టర్స్ తెల్లకొండల మీదుగా పోయేది కాలిబాట, సైకిళ్ళ దారి జెవింగ్టన్ మీదుగా లోపలి నుంచి పోతుంది. దారి పొడవునా గేట్లు వస్తాయి. తీసినవారే మూయాలి, అవతల గొర్రెలుంటాయి.

ప్రశ్న: కొండ మీద అక్కడక్కడా గుండ్రటి కుంటలు కనిపిస్తాయి. ఆ నీళ్ళు వడగట్టి తాగవచ్చా? — పి.ఎస్., స్లౌ

వద్దు. అవి పశువుల కోసం అడుగున బంకమట్టి మెత్తి కట్టిన డ్యూ పాండ్లు. గొర్రెలూ ఆవులూ దిగి తాగే నీళ్ళవి. సుద్ద వాన నీటిని అలాగే పీల్చేసుకుంటుంది కాబట్టి కొండ మీద వాగు గానీ ఊట గానీ ఉండదు. ఆ నీరు లోలోపల దిగి కొండ అడుగున ఊటగా వస్తుంది. పాత ఊళ్ళన్నీ ఆ ఊటల వరసలో, వాలు కిందే వెలిశాయి. కాబట్టి కొండ ఎక్కేముందు ఊళ్ళోనే నింపుకోవాలి. ఎండ రోజున మనిషికి రెండు లీటర్లు, ఆ తర్వాతి నది దగ్గరి ఊళ్ళో మళ్ళీ నింపుకోవాలి. సౌత్ డౌన్స్ వే మీద యాత్రికుల కోసం కుళాయిలున్నాయి, అడర్ నది దగ్గర బోటల్ఫ్స్‌లోనూ, సాడిల్స్‌కోమ్‌లోనూ. లోయలో పారే సుద్ద ఏరు అద్దంలా తేటగా కనిపించినా దాన్నీ తాగకండి. ఎగువన పొలాలూ మురుగునీటి కేంద్రాలూ ఉంటాయి.

ప్రశ్న: ముందు 50/34 పళ్ళ, వెనక 11–28 పళ్ళ గేర్లున్న రోడ్డు సైకిల్ నాది. డిచ్లింగ్ బీకన్ ఎక్కగలనా? స్నేహితులు గేర్లు మార్చమంటున్నారు. ఎటు నుంచి ఎక్కితే సులువు? — ఎన్.బి., బ్రైటన్

బ్రైటన్ వైపు నుంచి. ఇది తమాషాకి అనడం లేదు. సుద్ద పొరలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. సౌత్ డౌన్స్‌లో ఆ ఒరుగు దక్షిణానికి, సముద్రం వైపుకి. ఆ పక్క వాలు మెల్లగా సాగుతుంది. విరిగిన అంచు ఉత్తరానికి ఉంటుంది కాబట్టి అటు నిటారు. నార్త్ డౌన్స్‌లో తిరగబడి నిటారు పక్క దక్షిణాన ఉంటుంది. విల్ట్‌షైర్, బెర్క్‌షైర్ కొండలకు చాలావరకు ఉత్తరాన, చిల్టర్న్స్‌కు వాయవ్యాన. ఎత్తుగీతల మ్యాపు ఒక్కసారి చూసి ఈ సంగతి పట్టుకుంటే దారి వేసుకోవడం సగం అయిపోయినట్టే. సామానుతో ఉన్నవారు మెల్లటి పక్క నుంచి ఎక్కి, నిటారు పక్కన దిగాలి. దిగేటప్పుడు బ్రేకులు చల్లారనివ్వాలి.

డిచ్లింగ్ ఊరి వైపు నుంచే ఎక్కుతానంటే లెక్క చూడండి. దాదాపు కిలోమీటరున్నర, సగటు వాలు 9 శాతం పైన, కొన్ని మలుపుల్లో 15 దాటుతుంది. మనిషి 75, సైకిలు, సామాను 25, మొత్తం 100 కిలోలనుకుందాం. 35 మి.మీ. టైరుతో చక్రం చుట్టుకొలత సుమారు 2.17 మీ. మీ 34/28 గేరులో ఒక తొక్కుడుకి 2.63 మీ. ముందుకి పోతారు. నిమిషానికి 60 తొక్కుళ్ళయితే గంటకు 9.5 కి.మీ. 10 శాతం వాలులో బరువు పైకి లాగడానికే 258 వాట్లు కావాలి. అదే 30/34 గేరులో ఒక తొక్కుడుకి 1.91 మీ., గంటకు 6.9 కి.మీ., 188 వాట్లు. కొండ అదే, మనిషీ అదే. పావుగంటలోపు తేల్చుకునే ఖాళీ సైకిల్‌కి మీ గేరు సరిపోతుంది. సామానుతో రోజంతా తిరిగేవారికి సరిపోదు. గేరు లేక తొక్కుళ్ళు నిమిషానికి 40కి పడిపోతే భారమంతా మోకాళ్ళ మీదకు వస్తుంది. నొప్పి ఆ రోజు కాదు, మూడో రోజు తెలుస్తుంది.

తక్కువ ఖర్చులో పోవాలంటే ముందు పళ్ళచక్రాలు కదపకండి. వెనక 11–34 క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) వేయించండి. వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే పరికరం) ఎంత పెద్ద పళ్ళచక్రం మోస్తుందో ముందు చూసుకోవాలి. పొట్టి కేజ్ ఉన్నవి చాలావరకు 28–30 దగ్గరే ఆగిపోతాయి. క్యాసెట్ మారిస్తే చైన్ కూడా పొడుగుది కావాలి. పాత పొట్టి చైన్‌తో పెద్దది–పెద్దది గేరు పడితే డిరైలరే విరుగుతుంది.

ప్రశ్న: హాంప్‌షైర్ పల్లెరోడ్లలో ఒకే వారంలో మూడు పంక్చర్లు. టైర్లు కొత్తవే. తప్పు ఎక్కడుంది? — ఎం.ఎల్., సౌతాంప్టన్

రోడ్డు మీద. సుద్ద పొరల్లో చెకుముకి గడ్డలుంటాయి. పగిలితే గాజుపెంకులాంటి అంచు వస్తుంది. వాన పొలాల గట్ల నుంచి ఆ పెంకుల్ని రోడ్డు అంచుకీ మధ్య గీతకీ కొట్టుకొస్తుంది. తడి రబ్బరు పొడి రబ్బరుకంటే తేలిగ్గా తెగుతుంది. అందుకే వాన తర్వాతి రోజు పంక్చర్లు ఎక్కువ. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంకో బాధ ఉంది. పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో కంచెలు కొట్టరు కాబట్టి కొట్టుడంతా ఈ నెలల్లోనే జరుగుతుంది. రోడ్డంతా ముళ్ళు.

చెకుముకి పెంకు చాలాసార్లు వెంటనే గాలి తీయదు. రబ్బరులో ఇరుక్కుని, చక్రం తిరిగిన కొద్దీ లోపలికి దిగుతుంది. ట్యూబు దాకా చేరేసరికి మరునాడవుతుంది. మీ మూడు పంక్చర్లలో రెండు ఒకే పెంకువల్ల వచ్చి ఉంటే ఆశ్చర్యపోం. ట్యూబు మార్చారు, పెంకు టైర్లోనే ఉండిపోయింది.

రోజూ రాత్రి చక్రాన్ని వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూసి, కనిపించిన ప్రతి పెంకునూ సూదిమొనతో తీసేయండి. టైరు మీది కంపెనీ పేరు వాల్వ్ పక్కనే వచ్చేలా ఎక్కించుకుంటే, ట్యూబులో చిల్లు దొరకగానే టైర్లో చోటు తెలిసిపోతుంది. టైరు లోపల తడిమేటప్పుడు వేలు కాదు, గుడ్డ వాడండి. ముల్లు ఉన్నచోట గుడ్డ పోగు పట్టుకుంటుంది. ప్యాచ్ వేసేటప్పుడు జిగురు తడి మెరుపు పోయేదాకా, నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఊడిపోయే ప్యాచుల్లో ఎక్కువ భాగం ఆ తొందరవల్లే.

సామానుతో మొత్తం 100 కిలోలకు 35 మి.మీ. టైరు, ట్యూబుతో అయితే వెనక 55, ముందు 45 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. పక్కపక్కనే రెండు చీలికలు పడితే అది చెకుముకి కాదు, గాలి తక్కువై రిమ్ముకీ గుంట అంచుకీ మధ్య ట్యూబు నలిగింది. 5 పీఎస్‌ఐ పెంచండి. ట్యూబ్‌లెస్ 40 మి.మీ. అయితే వెనక 40, ముందు 33 చాలు, ఒక్కో చక్రానికి సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) 60–80 మి.లీ. టైరు పక్కగోడ చీలితే సీలెంట్ ఆపలేదు. లోపలి నుంచి పాత టైరు ముక్కను ఆనించి ట్యూబు వేసుకోవాలి. ఇద్దరికి కలిపి మూడు ట్యూబులు, పది ప్యాచులు, రెండు టైరు ముక్కలు, రెండు పంపులు. పంపు ఒక్కటే ఉంటే పాడయ్యేది అదే.

ప్రశ్న: రిడ్జ్‌వే మొత్తం సైకిల్ మీద తొక్కవచ్చా? దారిలో గుడారం వేసుకోవచ్చా? — డి.ఎస్.కె., స్విండన్

రెండిటికీ జవాబు కాదనే. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ దాకా 139 కి.మీ.లో పడమటి సగం, థేమ్స్ ఒడ్డున స్ట్రీట్లీ దాకా, సుమారు 69 కి.మీ. సైకిళ్ళకు హక్కున్న దారి. యఫింగ్టన్ తెల్లగుర్రమూ, వేలండ్స్ స్మితీ సమాధీ ఈ భాగంలోనే ఉన్నాయి. థేమ్స్ దాటాక చాలాచోట్ల అది కాలిబాట. గుర్తుపలక మీద ఓక్ కాయ బొమ్మ ఉన్నంత మాత్రాన సైకిల్ వెళ్ళవచ్చని కాదు, అది నేషనల్ ట్రెయిల్ అని మాత్రమే చెబుతుంది. చూడాల్సింది బాణం రంగు. పసుపు అయితే కాలిబాట, సైకిల్‌కి హక్కు లేదు. నీలం బ్రిడిల్‌వే (గుర్రాలు కూడా వెళ్ళే దారి), ఊదా రిస్ట్రిక్టెడ్ బైవే, ఎరుపు అన్ని వాహనాల బైవే, ఈ మూడింటి మీదా వెళ్ళవచ్చు. బ్రిడిల్‌వే మీద సైకిళ్ళకు హక్కు 1968 నాటి కంట్రీసైడ్ చట్టం ఇచ్చింది. అయితే నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతు ఉంది. గుర్రం ఎదురైతే దూరం నుంచే మాట్లాడుతూ నెమ్మదించండి. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే సైకిల్‌కి అది బెదురుతుంది.

నేలయజమాని అనుమతి లేకుండా గుడారం వేయకూడదు. ఎదురుగా పొలంలో రైతు ఉంటే అడగండి, లేకపోతే కొండ దిగి క్యాంపుసైటుకు వెళ్ళండి. సాల్స్‌బరీ ప్లెయిన్ వైపు మళ్ళితే ఎర్రజెండాలు ఎగురుతున్న చోటికి వెళ్ళకండి. అది సైన్యం కాల్పుల సాధన చేసే నేల. కింద పడి ఉన్న ఇనుప వస్తువు ఏదీ ముట్టుకోకండి.

ప్రశ్న: ఏ నెల మంచిది? మార్చిలో వానలు లేవని వెళ్తే లోయరోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. — వి.ఎల్., ఆండోవర్

అది మీరు వెళ్ళిన వారం వాన కాదు, చలికాలం మొత్తం సుద్దలో ఇంకిన వాన. భూగర్భజలమట్టం నెమ్మదిగా పెరిగి చలికాలం చివర, వసంతం మొదట్లో అత్యధికమవుతుంది. ఎండినట్టుండే వాగులు అప్పుడు పారడం మొదలుపెడతాయి. పేరులో వింటర్‌బోర్న్, బోర్న్ ఉన్న ఊళ్ళు మ్యాపులో కనిపిస్తే ఆ వాగులు అక్కడివే. ఆకాశం నిర్మలంగా ఉన్నా రోడ్డు మీద నీళ్ళు వారాల తరబడి ఉంటాయి. అడుగు కనిపించని నీళ్ళలోకి తొక్కుకుంటూ దిగకండి, కింద గుంట ఉండవచ్చు.

లోయరోడ్లకు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది. కొండవెన్ను దారులకు మే నుంచి సెప్టెంబరు, అది కూడా రెండు మూడు రోజులు ఎండ కాశాక. తడి సుద్ద మీద ముందుచక్రం చెప్పకుండా జారుతుంది. చక్రానికీ ఫోర్కుకీ మధ్య మట్టి పేరుకుని బండి ఆగిపోతుంది. ఆ మట్టిని తడి ఆరకముందే కడగాలి. ఆరితే గట్టిపడి చైన్‌నీ బ్రేకు ప్యాడ్లనీ తినేస్తుంది. తడి రోజుల్లో డిస్క్ బ్రేకుకి సింటర్డ్ ప్యాడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. జూన్ చివర్లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు, డిసెంబరులో నాలుగింటికే చీకటి. చీకటి పడితే ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం చట్టప్రకారం ఉండాలి.

ప్రశ్న: రైల్లో సైకిల్ తీసుకెళ్ళడానికి టికెట్ కావాలా? — ఎస్.ఆర్., రీడింగ్

సైకిల్‌కి డబ్బు కట్టనక్కర్లేదు. బాత్ వెళ్ళే గ్రేట్ వెస్టర్న్ దూరప్రయాణపు రైళ్ళలో మాత్రం ముందుగా చోటు రిజర్వు చేసుకోవాలి. రైలుకి కొన్నే చోట్లుంటాయి కాబట్టి ఇద్దరికీ ఒకేసారి చేయించండి. అందులో సైకిల్‌ని నిలువుగా కొక్కేనికి వేలాడదీయాలి. సంచులన్నీ ముందే విప్పి చేతిలో పట్టుకోండి. లావు టైర్లు, పొడవాటి మడ్‌గార్డులు ఉంటే అర ఇరుకవుతుంది. న్యూబరీ, బెడ్విన్ వైపు తిరిగే లోకల్ రైళ్ళలో ముందు వచ్చినవారిదే చోటు. పనిరోజుల్లో ఉదయం లండన్ వైపు, సాయంత్రం లండన్ నుంచి వచ్చే రద్దీ రైళ్ళలో మడవని సైకిళ్ళను చాలావరకు ఎక్కనివ్వరు. మీరు వెళ్ళేది పడమటికే అయినా ఉదయం తొమ్మిదిన్నర తర్వాతి రైలు చూసుకోండి.